క్లచ్ మీద కాలు ఎవరిది? 43 ఏళ్లకు కారు నేర్చుకుంటున్న డైరీ

ఆగస్టు 18

ఈ రోజు కొత్త నోటుపుస్తకం తీశాను. కారు నేర్చుకునే పని గురించి తప్ప ఇందులో ఇంకేమీ రాయను.

కారణం అమ్మ. మాది విశాఖ. అమ్మ గోపాలపట్నంలో ఉంటుంది, మేం విశాలాక్షినగర్‌లో ఉంటాం. మోకాలి ఆపరేషన్ అయ్యాక నెలకు రెండుసార్లు ఆరిలోవ దగ్గర హెల్త్ సిటీలో ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తోంది. ఆటో ఎక్కేటప్పుడు కాలు మడవాలి కదా, ఆ క్షణంలో అమ్మ మొహం చూడలేకపోతున్నాను. మా ఆయనవి షిఫ్టు డ్యూటీలు. ఇంటి కింద 2014 మోడల్ వ్యాగనార్ ఉంటుంది, దాని తాళంచెవి మేకుకు వేలాడుతూ ఉంటుంది, నేనేమో ఆటో కోసం హనుమంతవాక దాకా నడుస్తాను. ఇన్నేళ్లు అలాగే గడిచిపోయింది.

అనుకున్నది ఇదీ: గోపాలపట్నం నుంచి సింహాచలం, అడవివరం, ముడసర్లోవ మీదుగా హెల్త్ సిటీకి అమ్మను నేనే తీసుకెళ్లాలి. పక్క సీట్లో అమ్మ తప్ప ఇంకెవరూ ఉండకూడదు. రోజూ మూడు విషయాలు రాసుకుంటాను. ఎన్ని కిలోమీటర్లు, ఎంతసేపు, బండి ఎన్నిసార్లు ఆఫ్ అయింది.

ఆగస్టు 29

ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, వచ్చింది. వారం ముందే రావాల్సింది. 40 దాటినవాళ్లు డాక్టరు సంతకం చేసిన ఫారం 1ఎ కూడా పెట్టాలి. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా అన్న ప్రశ్న అందులో ఉంటుంది. డాక్టరుగారు కిటికీలోంచి కింద నిలబెట్టిన కారు చూపించి చదవమన్నారు. నా పాత కళ్లజోడుతో చివరి రెండు అంకెలు అలుక్కుపోయాయి. కొత్త అద్దాలు వేయించుకుని మళ్లీ వెళ్లాకే సంతకం పెట్టారు. స్కూటీ మీద ఇన్నాళ్లూ ఆ చూపుతోనే తిరిగానా అని భయమేసింది.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల దాకా టెస్టుకు వెళ్లడానికి లేదు. ఈలోగా బండి తీస్తే లైసెన్సు ఉన్న మనిషి పక్కన ఉండాలి, అవసరమైతే బండి ఆపగలిగేలా కూర్చోవాలి. ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. 18 సెంటీమీటర్ల చదరం తెల్ల అట్ట, దాని మీద 10 సెంటీమీటర్ల ఎత్తు ఎర్ర ఎల్. స్కేలు పెట్టి గీసి నేనే కత్తిరించాను. ఈ షరతులు పాటిస్తేనే నేర్చుకునేవాళ్లు నడిపినా ఇన్సూరెన్స్ వర్తిస్తుందని మా పాలసీ కాగితంలో డ్రైవర్ క్లాజు కింద రాసి ఉంది. ఇంట్లో కారుతో నేర్చుకునేవాళ్లు ఆ పేరా ఒకసారి చదువుకోండి.

క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్ కారు కొనుక్కుంటే గొడవే ఉండదు కదా అంది తోటికోడలు. నిజమే, దానికి వేరే లైసెన్సు కూడా అక్కర్లేదు. కానీ ఉన్న కారు ఇది, నేర్చుకుంటే దీని మీదే నేర్చుకోవాలి.

సెప్టెంబర్ 1

మూడు ఉదయాలు మా ఆయన నేర్పారు. స్టేడియం వెనక లేఅవుట్ రోడ్ల మీద, రాత్రి పూట సి షిఫ్టు నుంచి వచ్చి నిద్ర కూడా పోకుండా. ఆయన ప్రేమ మీద నాకు అనుమానం లేదు. కానీ నేర్పడం కుదరలేదు.

ఆయన 18 ఏళ్లుగా నడుపుతున్నారు. "క్లచ్ ఎంత వదలాలండీ?" అని అడిగితే "కొంచెం" అన్నారు. "కొంచెం అంటే ఎంత?" అన్నాను. ఆయన డ్రైవర్ సీట్లోకి వచ్చి కాలు పెట్టి వదిలి చూపించారు. బండి నెయ్యిలా కదిలింది. ఎలా కదిలిందో ఆయన మాటల్లో పెట్టలేకపోయారు. ఆయన కాలికి తెలిసింది ఆయన నోటికి అందలేదు. ఇక మూడో రోజు గేదె అడ్డమొస్తే "బ్రేక్, బ్రేక్!" అని గట్టిగా అరిచారు. నేను కాలు వేసింది బ్రేకు మీదే, కానీ ఆ అరుపుకు చేతులు వణికాయి. ఇంటికి వచ్చాక ఇద్దరం మధ్యాహ్నం దాకా మాట్లాడుకోలేదు.

ఆయన్ని బతిమాలి ఆ పని నుంచి తప్పించాను. పక్కన కూర్చుంటే చాలు, నేర్పడం వేరేవాళ్లకి వదిలేద్దాం అన్నాను.

సెప్టెంబర్ 4

నాలుగు డ్రైవింగ్ స్కూళ్లకు ఫోన్ చేశాను. అడిగినవి మూడే మూడు: ఫీజు ఎంత, ఏ టైముకి, ఇంటి దగ్గర ఎక్కించుకుంటారా. మా వీధికి వస్తామన్న చోట 6,000 కట్టేశాను. 20 క్లాసులు, అరగంట చొప్పున.

సెప్టెంబర్ 15

తొమ్మిది క్లాసులు అయ్యాయి. ఇసుకతోట, ఎంవీపీ కాలనీ డబుల్ రోడ్డు, అప్పూఘర్ వైపు దిగి మళ్లీ పైకి. క్లాసుకి నాలుగైదు కిలోమీటర్లు. పుస్తకంలో మూడో గడిలో తొమ్మిది సున్నాలు ఉన్నాయి. బండి ఒక్కసారి కూడా ఆఫ్ అవలేదు. చాలా సంతోషంగా ఉంది. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను కూడా.

సెప్టెంబర్ 16

ఇది వివరంగా రాయాలి.

ఈ రోజు కారు ఎక్కుతుంటే చెప్పు తెగింది. వెనక సీట్లో నా తర్వాత నేర్చుకోవాల్సిన కుర్రాడు ఎదురు చూస్తున్నాడు, మళ్లీ పైకి వెళ్లి వేరే చెప్పులు తెచ్చుకునే టైము లేదు. ఒట్టి కాళ్లతోనే కూర్చున్నాను. వెంకోజీపాలెం దగ్గర సిగ్నల్ పడింది. ఎడమ కాలు క్లచ్ మీద ఉంది. పెడల్ రబ్బరు మీద గీతలు అరికాలికి తెలుస్తున్నాయి. తొక్కుదామని అనుకున్నాను, ఇంకా తొక్కలేదు. ఆ గీతలు నా కాలి కింద నుంచి జారి లోపలికి వెళ్లిపోయాయి. పెడల్ దానంతటదే దిగింది. కొద్దిసేపటికి అదే మెల్లగా పైకి వచ్చి నా అరికాలిని తాకింది. బండి కదిలింది.

పక్కకి చూశాను. నేర్పే అబ్బాయి ఒక చేత్తో ఫోన్ చూసుకుంటున్నాడు. కాళ్లు రెండూ తన వైపు పెడల్స్ మీద ఉన్నాయి.

స్కూలు కారుకి ఆ రెండో జత పెడల్స్ ఉండాలని చట్టమే చెబుతుంది. ప్రమాదం వస్తే ఆపడానికి అవి ఉండాల్సిందే. కానీ తొమ్మిది రోజులుగా నేను తొక్కానని అనుకున్న ప్రతిసారీ తొక్కింది ఆ అబ్బాయే. అడిగితే, "మీరు స్టీరింగ్ చూసుకోండి మేడమ్, కింద నేను చూసుకుంటాను" అన్నాడు. చెడ్డవాడు కాదు. పొద్దున్న 5:30కి మొదలుపెట్టి వరసగా క్లాసులు చెబుతాడు. ట్రాఫిక్‌లో బండి ఆగితే వెనకాల హారన్లు మోగుతాయి, తర్వాత మనిషికి ఆలస్యమవుతుంది, క్లచ్ ప్లేటు పోతే ఓనర్‌తో మాట పడాలి. అతని ఇబ్బందులు నాకు అర్థమయ్యాయి. కానీ ఆ తొమ్మిది సున్నాలూ అతనివి.

సెప్టెంబర్ 17

మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, మాట్లాడొద్దని ముందే చెప్పి, లేఅవుట్ రోడ్డు మీద మా కారు తీశాను. అరగంట. 1.5 కిలోమీటర్లు. ఆఫ్ అయింది: 11 సార్లు.

సెప్టెంబర్ 19

స్కూలుకి వెళ్లాను. మిగిలిన 10 క్లాసుల్లో కాళ్లు తీసి నేర్పమని అడిగాను. అలా అయితే టైము సరిపోదన్నారు. డబ్బు వెనక్కి రాదన్నారు. లేచి వచ్చేశాను. ఇంటికొచ్చి రూల్సు వెతికి చదివితే, మామూలు కార్లకు శిక్షణ 21 రోజులకు తగ్గకూడదని, అందులో కనీసం 10 గంటలు అసలు నడపాలని ఉంది. అరగంట క్లాసులో ఇద్దరిని దింపి ఒకరిని ఎక్కించుకునేసరికి నా చేతిలో స్టీరింగ్ ఉండేది 20 నిమిషాలు. 20 క్లాసులకు లెక్కేసుకుంటే ఏడు గంటలు కూడా దాటదు.

ఫీజు కట్టేముందు అడగాల్సింది ఏమిటో ఇప్పుడు తెలిసింది. కారులో నాతో పాటు ఎంతమంది ఉంటారు? స్టీరింగ్ నా చేతిలో ఎన్ని నిమిషాలు ఉంటుంది? రోజూ ఒకే మనిషి వస్తారా? ఎన్నో క్లాసు నుంచి మీ కాళ్లు తీసేస్తారు? ఈ చివరిదానికి ఎవరు తడుముకోకుండా జవాబు చెబితే వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు.

ఒక మహిళా ట్రైనర్ దొరికారు, ఫోన్లోనే ఆ ప్రశ్నకు "నాలుగో రోజు నుంచి" అన్నారు. ప్రాణం లేచొచ్చింది. కానీ ఆవిడకు ఖాళీ ఉన్నది ఉదయం 10 గంటల స్లాటు ఒక్కటే, అప్పుడు నేను ఆఫీసులో ఉండాలి.

సెప్టెంబర్ 21

కింద పోర్షన్‌లో పిన్నిగారికి ఈ గొడవంతా చెబుతుంటే ఆవిడ లోపలికి తిరిగి, "ఏవండీ, వింటున్నారా" అన్నారు. బాబాయిగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. చాలా ఏళ్లు పాడేరు ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపారు. ఇన్నాళ్లు నా కళ్లముందే ఉన్నా నాకు ఆలోచనే రాలేదు. నేర్పేవాళ్లు అంటే బోర్డు పెట్టుకున్నవాళ్లే అనుకున్నాను.

ఆయన ఒకటే షరతు పెట్టారు. "రోజూ రావాలమ్మా. రెండ్రోజులు వచ్చి నాలుగ్రోజులు మానేస్తే కాలు మరిచిపోద్ది." డబ్బు మాట ఎత్తనివ్వలేదు. నవంబరులో ఆయన పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ ఫోన్లో నేను చేసిపెట్టేలా ఒప్పుకున్నారు.

మొదటి క్లాసు ఇంజన్ ఆన్ చేయకుండానే. కళ్లు మూసుకుని క్లచ్ పూర్తిగా తొక్కమన్నారు, మెల్లగా వదలమన్నారు. మడమ నేల మీదే ఆనించి, కాలి ముందు భాగంతోనే. 20 నిమిషాలు అదే పని. పిక్క నొప్పి పుట్టింది.

సెప్టెంబర్ 22

లేఅవుట్ రోడ్డు. బాబాయిగారు పక్క సీట్లో ఎక్కి, చెప్పులు విడిచి, రెండు కాళ్లూ పైకి మడిచి మఠం వేసుకుని కూర్చున్నారు. ఎడమ చెయ్యి ఒళ్లో ఉంది, కుడి చెయ్యి హ్యాండ్ బ్రేకు పక్కన. (ఖాళీ రోడ్డు మీద ఆ మొదటి రోజు మాత్రమే అలా. తర్వాత ఎప్పుడూ బెల్టు పెట్టుకుని సరిగ్గానే కూర్చున్నారు.) నా కాళ్లకు ఇంకెవరి కాళ్లూ తోడు లేవని నాకు కళ్లారా చూపించడానికే అలా కూర్చున్నారని తర్వాత అర్థమైంది.

మా ఆయన "కొంచెం" అని ఊరుకున్నదాన్ని ఈయన ఇలా చెప్పారు: "ఇంజన్ మోత వినండి. క్లచ్ వదులుతుంటే ఒక చోట మోత బరువెక్కుద్ది. అదే టైముకి బోనెట్ ఇంత లేచినట్టు అవుద్ది. అక్కడ కాలు ఆపేయండి. ఒకటి, రెండు లెక్కపెట్టండి. అప్పుడు మిగతాది వదలండి." హాఫ్ క్లచ్ అన్న మాట ఎన్నోసార్లు విన్నాను. అది వినబడుతుందని ఇప్పుడే తెలిసింది.

బండి ఆఫ్ అయినప్పుడల్లా నేను సారీ అంటున్నాను. నాలుగోసారికి ఆయన ఆపించారు. "ఏటమ్మా గాబరా? ఆగితే ఆగనీండి. ఆగిన బండి ఎవలినీ గుద్దదు."

2 కిలోమీటర్లు, 40 నిమిషాలు, ఆఫ్ అయింది 9.

సెప్టెంబర్ 28

వారం లెక్క: 6, 6, 4, 2, 8, 1. ఆ ఎనిమిది వాన రోజుది. అద్దాలు మసకబారి, వైపర్ల చప్పుడులో ఇంజన్ మోత వినబడక మళ్లీ మొదటికొచ్చాను. అప్పుడు బోనెట్ వైపు చూడమన్నారు. చెవి పని చేయనప్పుడు కన్ను.

అక్టోబర్ 1

మా వీధి ఎత్తు. విశాఖలో నేర్చుకునేవాళ్లందరికీ ఈ ఎత్తులు తప్పవు. ఎటు వెళ్లినా ఒక అప్, ఒక డౌన్ ఉంటాయి. స్కూలు కారులో ఇవన్నీ ఎక్కాను, దిగాను. ఎక్కించింది ఎవరో ఇప్పుడు తెలుసు కాబట్టి, మొదటిసారి ఎక్కినట్టే లెక్క.

వీధి మధ్యలో, సరిగ్గా వాలు ఎక్కువగా ఉన్న చోట ఆపమన్నారు. హ్యాండ్ బ్రేకు లాగి, ఫస్ట్ గేర్ వేసి, యాక్సిలరేటర్ తొక్కి కొంచెం రేజ్ ఇస్తూ క్లచ్ వదలాలి. బోనెట్ లేచే దాకా హ్యాండ్ బ్రేకు ముట్టుకోకూడదు. లేచాక, బండి ముందుకి లాగుతూ హ్యాండ్ బ్రేకుతో పెనుగులాడుతున్నట్టు అనిపిస్తుంది. అప్పుడు దించాలి. మొదటిసారి తొందరపడి ముందే దించేశాను. అడుగున్నర వెనక్కి జారింది. ఆయన చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద పడింది, బండి ఆగింది. కేక లేదు, విసుగు లేదు. "మళ్లీ" అన్నారంతే. వెనకాల పాలబండి అబ్బాయి ఆగి చూస్తున్నాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి అతన్ని పక్క నుంచి వెళ్లమన్నారు బాబాయిగారు.

14 సార్లు ఆపి ఎక్కించాను. చివరి ఐదు సార్లు ఒక్క అంగుళం కూడా జారలేదు.

దసరా

కారు కడిగి పసుపు కుంకుమ పెట్టి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. ఏటా మా ఆయనే తొక్కిస్తారు. ఈసారి తాళంచెవి నా చేతికిచ్చారు.

అక్టోబర్ 9

రివర్స్‌లో గేటు లోపలికి తెస్తుంటే ఎడమ అద్దం గేటు స్తంభానికి రాసుకుంది. అద్దం పగల్లేదు, రంగు పోయింది. ఏడుపొచ్చింది.

బాబాయిగారు ఓదార్చలేదు. దిగి చూడమన్నారు. తర్వాత ఖాళీ నీళ్ల సీసా తెచ్చి ఎడమ ముందు మూల దగ్గర పెట్టారు. దానికి జాన దూరంలో ఆగమన్నారు. జాన అనుకుని ఆపి, దిగి చూస్తే రెండున్నర మూరలు ఉంది. మళ్లీ ఎక్కి, మళ్లీ ఆపి, మళ్లీ దిగి చెయ్యి పెట్టి కొలిచాను. సీట్లో కూర్చుంటే ఆ మూల అసలు కనబడదు, మనసులో ఊహించుకోవాల్సిందే. ఆ ఊహ నిజమో కాదో దిగి కొలిస్తేనే తెలుస్తుంది. గంటసేపట్లో కిలోమీటరు కూడా తిరగలేదు, కానీ ఈ నెల అంతటిలో ఎక్కువ నేర్చుకున్నది ఈ రోజే.

అక్టోబర్ 16

హనుమంతవాక జంక్షన్ దాటి ఆరిలోవ వైపు. హైవే మీద లారీలు, సర్వీసు రోడ్డులోంచి ఎదురొచ్చే బైకులు. అన్నిటికన్నా నాకు భయం ఆటోలంటే.

బాబాయిగారు చెప్పిన రెండు మాటలు అలాగే రాస్తున్నాను. "ఆటో డ్రైవర్ని చూడకండి, ముందు చక్రాన్ని చూడండి. చక్రం తిరిగితే ఆటో తిరిగినట్టే." ఇంకోటి: "రోడ్డు పక్కన చెయ్యెత్తిన మనిషి కనబడ్డాడంటే మీ ముందున్న ఆటో ఆగిపోయిందనే అనుకోండి." ఈ రోజు ఐదారుసార్లు సరిగ్గా అలాగే జరిగింది. చెయ్యెత్తిన మనిషిని చూడగానే కాలు బ్రేకు మీదికి వెళ్లిపోతోంది, నేను తలుచుకోకుండానే.

అక్టోబర్ 20

కైలాసగిరి రోడ్డు. ఆయన పాడేరు అనుభవం ఇక్కడ పనికొచ్చింది. ఏ గేరులో ఎక్కుతామో దిగేటప్పుడూ అదే గేరు. న్యూట్రల్‌లో వదిలేసి బ్రేకు మీదే దిగితే బ్రేకులు కాగి పట్టు తప్పుతాయి. సెకండ్‌లో ఉంచితే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది. ఎదురుగా ఎక్కే బండి వస్తే దిగే మనమే ఆగి దారివ్వాలి. మలుపులో కింద సముద్రం కనబడింది. ఒక్క క్షణం అటు చూశాను. "సముద్రం రేపు కూడా ఉంటాదమ్మా" అన్నారు.

అక్టోబర్ 27

టెస్టు అయింది. ఎనిమిది ఆకారంలో నడపడం, రివర్స్‌లో హెచ్ ఆకారం, ఎత్తు మీద ఆపి కదపడం. రివర్స్‌లో నా సీసా గుర్తు తెచ్చుకున్నాను. పాస్. బాబాయిగారు గేటు బయట టీ తాగుతూ కూర్చున్నారు. అయిందని చెబితే, "సీటు వెనక్కి పెట్టుకుని నడుపుతున్నారు, నడుము నొప్పెడతాది, ముందుకి జరుపుకోండి" అన్నారు.

నవంబర్ 7

ఉదయం 8 గంటలకి గోపాలపట్నం. ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపాను. అమ్మ ముందు కూర్చుని, తర్వాత కాళ్లు రెండూ కలిపి లోపలికి తిప్పుకుంది. మోకాలు పెద్దగా మడవక్కర్లేకపోయింది. ఇంత చిన్న విషయం కోసం మూడు నెలలు పట్టింది.

సింహాచలం దాటేటప్పుడు అమ్మ కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. అడవివరం దగ్గర రోడ్డు మధ్యలో ఆవులు పడుకుని ఉన్నాయి. ఫస్ట్ గేర్, హాఫ్ క్లచ్, వాటిని చుట్టి వచ్చాం. ముడసర్లోవ చెట్ల దగ్గర అమ్మ కబుర్లు మొదలుపెట్టింది. అంటే భయం పోయిందన్నమాట.

ఆసుపత్రి వాకిలి ముందు వాలు ఉంది. ముందు ఒక అంబులెన్స్, దాని వెనక మేం. హ్యాండ్ బ్రేకు లాగి ఆపాను.

"ఏటే, ఆగిపోయిందా?" అంది అమ్మ.

"లేదమ్మా, నేనే ఆపాను."

అంబులెన్స్ కదిలింది. మోత బరువెక్కే దాకా ఆగి, హ్యాండ్ బ్రేకు దించాను.

సుమారు 14 కిలోమీటర్లు, 45 నిమిషాలు, ఆఫ్ అయింది 1, గోపాలపట్నం సెంటర్‌లో. మళ్లీ 21న రమ్మన్నారు డాక్టరుగారు. ఈలోగా బాబాయిగారి లైఫ్ సర్టిఫికెట్ చేసిపెట్టాలి.